కర్ర లారీ తోట దాకా రావాలంటే: డొంక రోడ్డుకు సర్కారు డబ్బు తెచ్చుకోవడం ఎలా

సుబాబుల్, జామాయిల్, సరుగుడు వేసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తోట పెంచడం ఒక ఎత్తు, కర్ర రోడ్డెక్కించడం ఒక ఎత్తు. కొట్టిన కర్ర పొలంలో పడి ఉన్నకొద్దీ తేమ ఆరి బరువు తగ్గుతుంది. డబ్బు వచ్చేదేమో కాటా మీద తూగిన టన్నులకు. ఒక్క వాన పడి డొంక, అంటే పొలాలకు పోయే బండి దారి, బురదైతే లారీ లోపలికి రానంటుంది. అప్పుడు ట్రాక్టరు పెట్టి కర్రను తారురోడ్డు దాకా లాగాలి, అక్కడ దించాలి, ముఠాను పెట్టి మళ్లీ లారీకి ఎత్తించాలి. ఆ రెండో ఎత్తుడు కూలి, ట్రాక్టరు బాడుగ కొనేవాడు తన జేబులోంచి పెట్టుకోడు, మీ రేటులో కోస్తాడు.

ఈ దారి బాగుకు ప్రభుత్వ డబ్బు వస్తుందా అంటే వస్తుంది. కాకపోతే కలప రవాణా దారుల కోసమని విడిగా పద్దేమీ మన దగ్గర లేదు. స్కాట్లాండ్‌లో ఉంది. అక్కడి ప్రభుత్వం 2005 నుంచి ఇందుకోసమే ఒక నిధి నడుపుతోంది, స్థానిక కౌన్సిళ్లు తమ వాటా కలిపి దరఖాస్తు చేసుకుంటాయి. మన దగ్గర అదే పని పొలం బాట, లింకు రోడ్డు, గ్రామీణ అనుసంధానం అనే పేర్లతో, నాలుగైదు పద్దుల్లోంచి కాస్త కాస్త తెచ్చుకుని చేయించుకోవాలి. నందిగామ, కంచికచర్ల వైపు నుంచి ఒంగోలు, కందుకూరు వరకు, అటు ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో సారపాక కాగితం మిల్లుకు కర్ర తోలే ఊళ్లకు ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందు ఆ దారి ఎవరిదో తేల్చండి

రోడ్డు అడిగేవాళ్లలో ఎక్కువమంది ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లడంతో మొదలుపెడతారు. ఆయన పక్కనున్న పీఏతో రాసుకోమంటాడు, పీఏ రాసుకుంటాడు, అంతే. కాగితం అక్కడి నుంచి పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గరికి వెళ్లాక ఆయన అడిగే మొదటి ప్రశ్నకు జవాబు ఉండదు: ఈ దారి రికార్డులో ఉందా? మంజూరైన పనులు కూడా ఇక్కడే చచ్చిపోతుంటాయి. కంకర తోలే రోజున పక్క పొలం రైతు అడ్డం పడుకుంటాడు, కాంట్రాక్టరు ఇంకో ఊరికి వెళ్లిపోతాడు, ఆర్థిక సంవత్సరం ముగిశాక డబ్బు వెనక్కి పోతుంది.

అందుకని గ్రామ నక్షాతో, అంటే ఊరి సర్వే పటంతో మొదలుపెట్టండి. ఆంధ్రలో డొంక, పుంత అనే పేర్లతో, తెలంగాణలో నక్షా బాట, బండ్ల బాట అనే పేర్లతో పాత దారులు పటంలో జంట గీతలుగా కనిపిస్తాయి. ఎఫ్‌ఎంబీ అనే పొలాల కొలతల పుస్తకంలో, తెలంగాణ అయితే టిప్పన్‌లో, వెడల్పు కొలతలు దొరుకుతాయి. ఆంధ్రలో రీసర్వే అయిన ఊరైతే పాత సర్వే నంబర్లకు బదులు ఎల్‌పీఎం (భూమి ముక్క పటం) నంబర్లు వచ్చి ఉంటాయి. పాత పటంలో ఉన్న డొంక కొత్త పటంలో అంతే వెడల్పుతో ఉందో లేదో రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కనిపిస్తే రోడ్డు సంగతి తర్వాత, ముందు తహసీల్దారుకు అర్జీ పెట్టండి.

పటంలో 33 అడుగులున్న డొంక నేల మీద పన్నెండు అడుగులు మిగలడం మామూలు. రెండు వైపులా గట్లు లోపలికి నడిచి వచ్చి ఉంటాయి. ఆక్రమణ అని కేకలు వేస్తే ఊరు రెండవుతుంది, ఆ గట్లు జరిపినవాళ్లలో మీ పెదనాన్న కూడా ఉండొచ్చు. మీసేవలో సర్వేకు దరఖాస్తు పెట్టి, సర్వేయరు చేత హద్దులు వేయించి, రాళ్లు పాతించండి. సర్వేయరు వచ్చే రోజున ఇరువైపుల రైతులనూ పిలిచి, పంచనామా మీద సంతకాలు తీసుకోండి.

దారి కొంత దూరం పట్టా భూమిలోంచి పోతుంటే, ఆ రైతులు తమంతట తాముగా ఎంత వెడల్పు వదులుతున్నారో సర్వే నంబరుతో సహా సమ్మతి పత్రం రాయించి పంచాయతీకి ఇవ్వాలి. నోటి మాట చాలదు. మాట ఇచ్చినవాడు భూమి అమ్ముకుంటే కొన్నవాడికి ఆ మాటతో సంబంధం లేదు.

బరువు లెక్క మీరే కట్టండి

ఏఈ గారు వేసే అంచనా మామూలు పొలం బాటకు వేస్తారు: ట్రాక్టర్లు, బైకులు, అప్పుడప్పుడు కోత మిషను. కర్ర లారీ లెక్క వేరు. ఈ తేడా ముందే చెప్పకపోతే వేసిన రోడ్డు రెండో కొట్టుడుకే గాడులు పడుతుంది.

ఉదాహరణకు ఒక డొంక మీద ఆధారపడి 120 ఎకరాల తోటలున్నాయి అనుకుందాం. నాలుగేళ్లకోసారి కొడితే ఏటా సుమారు 30 ఎకరాలు కోతకొస్తాయి. ఎకరాకు 40 టన్నులు అనుకుంటే ఏడాదికి 1,200 టన్నులు. పది టైర్ల లారీకి బండి బరువుతో కలిపి అనుమతించిన పరిమితి 28.5 టన్నులు, అందులో కర్ర 18 టన్నులు అనుకోండి. అంటే ఏటా 67 లోడ్లు, అన్నీ నాలుగు నెలల ఎండాకాలంలో. మీ ఊరి లెక్క మీ ఎకరాలతో, మీ దిగుబడితో, మీ దగ్గరున్న కాటా చీటీలతో వేసుకోండి. ఆ చీటీల నకళ్లు అర్జీకి జత చేస్తే చాలు, వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇంకో విషయం ఇంజనీర్లకు తెలుసు, మనం కూడా తెలుసుకోవాలి. రోడ్డు డిజైనుకు ప్రమాణంగా 8.16 టన్నుల ఇరుసు బరువు తీసుకుంటారు. 2018లో కేంద్రం నాలుగు టైర్ల ఒంటి ఇరుసు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. బరువు పెరిగినంతే నష్టం పెరగదు, దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. నిండు లోడు ఆరు టైర్ల లారీ వెనక ఇరుసు ఒక్కసారి పోతే, ప్రమాణ ఇరుసు నాలుగుసార్లు పోయినంత దెబ్బ. ఇది పరిమితి లోపల తోలే బండి సంగతి. ఓవర్‌లోడు సంగతి మీరే ఊహించుకోండి.

ఎంత అడగాలి

నా సలహా, తోట గట్టు దాకా లారీ రోడ్డు అడగొద్దు. రెండు కిలోమీటర్ల డొంక మొత్తం లారీ మోసేలా వేయాలంటే అంచనా చూసి మండలంలోనే ఆపేస్తారు. స్కాట్లాండ్ వాళ్ల దగ్గర నిధి కంటే మనకు పనికొచ్చేది వాళ్ల పటం. రోడ్లను కలప లారీలు ఎప్పుడైనా పోగలిగేవి, ముందుగా మాట్లాడుకుని పోవలసినవి, గట్టి ఆంక్షలున్నవి, అసలు పోకూడనివి అని విడదీసి పెట్టుకున్నారు. మీరూ ఊరి నక్షా నకలు మీద మూడు రంగుల స్కెచ్ పెన్నులతో గీయండి: ఏడాదంతా లారీ పోయేది, ఎండాకాలం మాత్రమే పోయేది, ట్రాక్టరు మాత్రమే పోయేది.

అలా గీశాక అసలు అడ్డంకి ఎక్కడుందో కళ్లకు కడుతుంది. చాలా ఊళ్లలో అది రెండు కిలోమీటర్ల దారి కాదు. ఒక వాగు దాటే చోటు, నల్లరేగడి పల్లం ఒక రెండు వందల మీటర్లు, తారురోడ్డు దగ్గర లారీ తిరగలేని మలుపు. ఈ మూడూ బాగుచేసి, తారురోడ్డు పక్కనే పంచాయతీ భూమిలో పావు ఎకరం గ్రావెల్ పోసి కర్ర డంపు స్థలం చేసుకుంటే, మిగతా దారికి ట్రాక్టరు సరిపోతుంది. ఆ స్థలం వరి కోతలప్పుడు కళ్లంగా కూడా పనికొస్తుంది కాబట్టి గ్రామసభలో ఎవరూ కాదనరు. లైన్‌మన్‌ను కూడా ఒకసారి ఆ దారిన నడిపించండి. నిండుగా కట్టిన లోడుకు తగిలే లూజు వైర్లు రోడ్డు కంటే ముందు బాగుపడాలి.

ఏ పద్దులో అడగాలి

ఉపాధి హామీ అన్నిటికంటే దగ్గరి దారి. మట్టి పని, డొంక పూడిక, పక్క కాలువలు అందులో వస్తాయి. 2005 చట్టం కింద కూలికి 60, మెటీరియల్‌కు 40 నిష్పత్తి పాటించాల్సి ఉండేది, కాంట్రాక్టర్లు ఉండకూడదనేది నిబంధన. ఆ మెటీరియల్ వాటాతోనే ఊళ్లలో సీసీ రోడ్లు పడ్డాయి. ఆంధ్రలో 2024 అక్టోబరులో పల్లె పండుగ పేరుతో మొదలుపెట్టినవి కూడా ఈ డబ్బువే. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో 125 రోజుల పనితో కొత్త చట్టం చేసింది. సేద్యం ముమ్మరంగా ఉండే కాలంలో ఏడాదికి మొత్తం 60 రోజుల దాకా పనులు ఆపే వీలు అందులో ఉంది. అందుకని మండల ఆఫీసులో ఉపాధి పనులు చూసే ఏపీఓను కలిసి, మీ పని ఏ నిబంధనల కింద పెడుతున్నారో, ఏ నెలల్లో చేయిస్తారో అడిగి తెలుసుకోండి.

పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం డబ్బు చిన్నదే కానీ చేతిలో ఉండేది. 15వ ఆర్థిక సంఘం లెక్కలో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికి కట్టేసి, మిగతా 40 శాతం ఊరి అవసరానికి వదిలారు. దానితో రోడ్డు రాదు, ఒక తూము వస్తుంది. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం కాబట్టి కొత్త వాటాలు కార్యదర్శిని అడగండి.

మార్కెట్ కమిటీని మరిచిపోకండి. ఆంధ్రలో సుబాబుల్, జామాయిల్ కొనుగోళ్లు మార్కెట్ కమిటీల ద్వారా నడుస్తూ వచ్చాయి. సెస్సు వసూలయ్యే సరుకు పోయే దారికి ఆ సెస్సులోంచి కొంత అడగడం న్యాయమైన మాట. కమిటీ డబ్బుతో లింకు రోడ్లు పడిన ఊళ్లు మీ చుట్టుపక్కలే ఉంటాయి, వాటి పేర్లు అర్జీలో రాయండి.

గనులున్న జిల్లాల వాళ్లకు ఇంకో వనరు ఉంది: జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు. 2015లో గనుల చట్టం సవరించినప్పటి నుంచి ఉంది. కొత్తగూడెం వైపు సింగరేణి బొగ్గు, ప్రకాశంలో చీమకుర్తి గ్రానైట్ ఉండనే ఉన్నాయి. డబ్బులో పెద్ద భాగం తాగునీరు, వైద్యం, చదువు వంటి వాటికి పోగా మిగిలేదాంట్లో రోడ్లు, వంతెనలు వస్తాయి. మీ ఊరు గని ప్రభావిత గ్రామాల జాబితాలో ఉందో లేదో కలెక్టరేటులో కనుక్కోండి. లేకపోతే ఈ తలుపు తట్టి లాభం లేదు.

ఎంపీ నిధి ఏడాదికి 5 కోట్లు. నియోజకవర్గం మొత్తానికి అంతే కాబట్టి మొత్తం రోడ్డు అడక్కుండా, వాగు మీద కల్వర్టు లాంటి ఒక్క పని పేరు పెట్టి అడగండి. ఆయన సిఫారసు చేస్తాడు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం.

పెద్ద వంతెన కావాలంటే నాబార్డు ఆర్‌ఐడీఎఫ్ (గ్రామీణ మౌలిక సదుపాయాల నిధి). 1995-96 నుంచి నడుస్తున్న ఈ నిధి రాష్ట్ర ప్రభుత్వానికి అప్పుగా వస్తుంది, ఊరు నేరుగా దరఖాస్తు పెట్టుకోలేదు. పంచాయతీరాజ్ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) ప్రతిపాదనలో మీ వాగు చేరేలా చూడటమే మీ పని. పీఎంజీఎస్‌వై (ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన) తోటల కోసం రాదు, జనం కోసం వస్తుంది. 2024 సెప్టెంబరులో ఆమోదించిన నాలుగో దశలో 2011 జనాభా లెక్కల ప్రకారం మైదానంలో 500, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 250 మంది దాటిన, రోడ్డు లేని ఆవాసాలను తీసుకుంటారు. మీ తోటల దారి ఒక గూడేనికి కూడా దారి అయితే, గూడెం పేరు మీద అడగండి. అది తెలివితేటలు కాదు, ఆ గూడేనికి అంబులెన్సు వచ్చేదీ ఆ దారినే.

తీర్మానం, అర్జీ

గ్రామసభ తీర్మానం లేకుండా ఏ పద్దూ కదలదు. ఏటా అక్టోబరు 2న మొదలయ్యే పంచాయతీ ప్రణాళిక తయారీలో మీ పని పేరు ఎక్కాలి, ఆన్‌లైన్‌లో ఈ-గ్రామస్వరాజ్‌లో కనపడాలి. సర్పంచి పొలం ఆ దారిలోనే ఉంటే ఇదంతా తొందరగా అవుతుందని ఊళ్లో అంటుంటారు. అబద్ధమేమీ కాదు.

తీర్మానంలో తోటల పేరు మాత్రమే రాస్తే పెద్ద రైతుల సొంత పనిలా కనిపిస్తుంది. ఆ దారిన ఎవరెవరు పోతారో నిజంగా లెక్కపెట్టి రాయండి. ఈ తరహాలో:

“మన గ్రామ పరిధిలో సర్వే నంబరు ఫలానాలో గల డొంక, తారురోడ్డు నుంచి వాగు అవతలి వరకు 1.4 కిలోమీటర్ల పొడవున, ఇన్ని కుటుంబాల ఇన్ని ఎకరాల వరి, పత్తి, మిరప, కర్ర తోటలకు ఉన్న ఒకే దారి. శ్మశానానికి, పశువుల మేతకు కూడా ఇదే దారి. జూన్ నుంచి అక్టోబరు వరకు బండి పోదు. సర్వే జరిగి హద్దురాళ్లు వేయబడ్డాయి. ఏడాదికి సుమారు ఇన్ని టన్నుల సరుకు దీని మీదుగా పోతుంది. కాటా చీటీల నకళ్లు జతపరచడమైనది. వాగు మీద తూము, పల్లంలో 200 మీటర్ల కంకర రోడ్డు, తారురోడ్డు వద్ద మలుపు వెడల్పు పనులు చేపట్టవలసిందిగా సభ ఏకగ్రీవంగా తీర్మానించింది.”

దీనికి నక్షా నకలు, సర్వే పంచనామా, సమ్మతి పత్రాలు, వానాకాలంలో తీసిన ఫొటోలు జతచేయండి. ఎండాకాలం ఫొటోలు పెడితే రోడ్డు బాగానే ఉందిగా అంటారు. ఒక ప్రతి ఎంపీడీఓకు, ఒకటి పంచాయతీరాజ్ డీఈ (డిప్యూటీ ఇంజనీరు)కి, ఒకటి సోమవారం కలెక్టరేటులో ఇవ్వండి. ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, తెలంగాణలో ప్రజావాణి. రసీదు నంబరు లేకుండా ఇంటికి రావద్దు.

దారి అడవిలోంచి పోతే

ఏజెన్సీలో ఇది తరచూ వస్తుంది. రిజర్వు అడవి ముక్క మధ్యలో ఉంటే 1980 అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం అనుమతి కావాలని ఫైలు మూసేస్తారు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ఒక దారి ఇచ్చింది. గ్రామసభ సిఫారసు చేస్తే, ఒక్కో పనికి హెక్టారుకు మించకుండా, హెక్టారుకు 75 చెట్లకు మించి నరకకుండా, రోడ్ల వంటి 13 రకాల ప్రజా సదుపాయాలకు అటవీ భూమి వాడుకోవచ్చు. అది జిల్లా స్థాయిలోనే, అటవీ అధికారి డీఎఫ్‌ఓ దగ్గర తేలుతుంది. హెక్టారు అంటే ఆరు మీటర్ల వెడల్పున కిలోమీటరున్నర పైన. అయితే ఇది అడవిలో నివసించే ఊళ్ల సదుపాయానికి ఇచ్చినది, లారీల రాకపోకలకు మాత్రమే అడిగితే నిలబడదు.

అంచనాలో చూడాల్సినవి

అంచనా మీ చేతికి వచ్చాక ముందుగా నీళ్ల సంగతి చూడండి. రోడ్డును చంపేది లారీ కంటే ముందు నీరు. పక్క కాలువలు ఉన్నాయా, తూములు పొలాల నీరు పారే చోటే ఉన్నాయా, రోడ్డు మధ్య ఎత్తుగా, అంచులు వాలుగా వేస్తున్నారా? ఆ తర్వాత నేల. నల్లరేగడి మీద నేరుగా కంకర పరిస్తే తొలకరికే కంకర అడుక్కి దిగిపోతుంది. కింద గ్రావెల్ పొర వేసి, నీళ్లు చల్లి, రోలరుతో తొక్కించాలి. నేల సత్తువ చెప్పే సీబీఆర్ పరీక్ష చేయించారా అని ఏఈని అడగండి. అడిగేవాళ్లు తక్కువ కాబట్టి అడిగితే ఆయన కొంచెం జాగ్రత్త పడతాడు.

సీసీ రోడ్డే కావాలని పట్టుబట్టొద్దని నా అభిప్రాయం. ఊళ్లో ఇళ్ల మధ్య వేసే పలచటి సీసీ మీద కర్ర లారీ ఎక్కితే పలకలు పగులుతాయి, పగిలిన సీసీని బాగుచేయడం కంకర రోడ్డును బాగుచేసినంత తేలిక కాదు. వాగు దాటే చోట, ఏటవాలులో సీసీ, మిగతాచోట గట్టిగా తొక్కించిన కంకర చాలు.

పని జరిగేటప్పుడు పొర మందం కొలవడానికి ఒక గుంత తవ్వి టేపు పెడితే చాలు. అనుమానం వస్తే సమాచార హక్కు చట్టం కింద అంచనా, ఎం-బుక్ (జరిగిన పని కొలతల పుస్తకం) నకళ్లు అడగండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. బిల్లు పాసయ్యాక అడగడం కంటే ముందే అడగడం మేలు.

రోడ్డు పడ్డాక

పీఎంజీఎస్‌వై రోడ్డుకైతే కాంట్రాక్టరు అయిదేళ్లు నిర్వహణ చూడాలి. మిగతా పద్దుల్లో ఆ గడువు ఎంతో ఒప్పందంలో చూసి, ఆఖరి తేదీ పంచాయతీ బోర్డు మీద రాయించండి. వాన వెలిసిన రెండు రోజుల దాకా లోడు బండి దిగకూడదని ఊరంతా కట్టుబాటు పెట్టుకోండి, కర్ర కొనే మేస్త్రికి బేరం నాడే చెప్పండి. తూముల్లో పూడిక తీయించడానికి పంచాయతీలో డబ్బుండదు. కొట్టుడు జరిగే ప్రతి తోట నుంచి టన్నుకు ఇంత అని తీసి, ముగ్గురి పేర ఉమ్మడి ఖాతాలో వేసి, మే నెలలో ఆ పని ముగించండి.